వెనక కూర్చునే మనిషి

భాద్రపదం 3
మనఃస్థితి: చిరాకు.

ఈ గడి రోజూ నింపాలట. తెప్పలూరులో పెద్దవాళ్లందరి మణికట్టుకీ మనసుపట్టీ ఉంటుంది. సంతోషమైతే ఆకుపచ్చ, భయమో బెంగో అయితే నీలం, కోపమైతే ఎరుపు. ఎవరికి ఎప్పుడు ఏమనిపించిందో అదే రాసి దాచుకుంటుంది. నాది పేకాట ఉద్యోగం కాబట్టి నాకు పట్టీ లేకుండా మినహాయింపు ఇచ్చారు. ఇచ్చినవాళ్లు అక్కడితో ఊరుకోవచ్చుగా. పట్టీ లేనివాళ్లు మనసు సంగతి చేత్తో రాసుకోవాలని ఇంకో నిబంధన పెట్టారు. ఎవరూ చదవరని లైసెన్సు ఇచ్చిన గుమస్తాయే చెప్పాడు. నింపకపోతే మాత్రం లైసెన్సు పోతుందిట.

నిన్న మొదటి ఆట ఓడిపోయాం. గెలిచిన రోజున మాత్రం ‘మనం’ గెలుస్తాం. ఓడిన రోజున మంగతాయారు ఓడిపోతుంది. పొద్దున పంపు కింద బిందె పెట్టానో లేదో, వెనక వరసలోంచి సలహాలు మొదలయ్యాయి. మూడో పంపకంలో రాణుల జత పట్టుకుని ఎందుకు వదిలేశావని ఒకామె, అంత పిరికిదానివి అనుకోలేదని ఇంకో ఆయన. జన్మలో పేకముక్క ముట్టనివాళ్లు కూడా ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాళ్లే. బిందె నిండేదాకా పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను.

వాళ్లననీ లాభం లేదు. మాది సముద్రం మీద తేలే ఊరు, ఒక్కో తెప్పా ఒక్కో పేట; తుఫానుల నెల వచ్చేలోపు ఆ తెప్పలన్నీ చోట్లు మారతాయి. లోపలి రేవులో ఉన్న తెప్పలకి అలల దెబ్బ తగలదు. బయటి అంచున ఉన్నవి ఆ దెబ్బంతా కాచుకోవాలి. మా ఏడో తెప్ప రెండేళ్లుగా బయటే ఉంది. పోయినేడాది గాలికి బడి కప్పు పోయింది. ఆదెమ్మ గారి ఇల్లు మనిషితో సహా పోయింది. ఈ ఏడు లోపలి రేవులో మిగిలింది ఒక్క చోటు. అది మాకో, నాలుగో తెప్పకో. అయిదు ఆటల్లో మూడు గెలిచినవాళ్లకి.

ఇదివరకు ఈ చోట్లు ఒక యంత్రం పంచేదిట. అన్యాయం చేసిందని కాదు, దాన్ని తిట్టినా పలకదని జనం పీకి పారేశారు. ఓడిపోతే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలన్నారు. ఇరవై ఏళ్లుగా మా తెప్పకి ఆ మనిషిని నేనే.

భాద్రపదం 6
మనఃస్థితి: చిరాకు.

అద్దం ముందు కూర్చుని నా మొహం నేనే చూసుకుంటున్నాను. అయిదు ముక్కలు పంచుకోవడం, ఒకసారి మార్చుకోవడం, గవ్వలతో పందెం కాయడం. ఆట అంతే. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు కాయడం, అన్నీ ఉన్నా లేనట్టు నసగడం, నేను తిన్న కూడంతా దాని మీదే. నాలుగో తెప్ప ఆటగాడు దానయ్య మొన్న నా బుకాయింపులన్నీ పట్టేశాడు. ఒకటి పట్టాడంటే తెలివి అనుకోవచ్చు. అన్నీ పట్టాడంటే నా మొహంలోంచి గుట్టు కారుతోందన్నమాట.

గంట చూశాను. ఏమీ కారట్లేదు, వయసు తప్ప.

మా ఆయన గంగాధరం తెప్ప వంటశాలలో పెద్ద వంటవాడు. ఆటరోజున అందరికీ వండాలి కాబట్టి, పెళ్లయి ఇన్నేళ్లయినా నా ఆట ఒక్కటీ చూసి ఎరగడు. ముక్కల్లో ఇస్పేటేదో కళావరేదో తెలియదు. పట్టీ ఎప్పుడూ ఆకుపచ్చే. కూర మాడినా ఆకుపచ్చే. పాలు పొంగిపోయినా ఆకుపచ్చే. అద్దంలో ఏం వెతుకుతున్నావని అడిగాడు. నా ఖర్మ వెతుకుతున్నానన్నాను. దొరికితే చెప్పమని, కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి వెళ్లాడు.

భాద్రపదం 10
మనఃస్థితి: చిరాకు, దానిమీద ఇంకాస్త.

రెండో ఆటా పోయింది. కానీ కారేది నా మొహంలోంచి కాదని తెలిసింది.

ఆటగాడు అవతలివాళ్లకి అమ్ముడుపోకుండా ప్రతి తెప్ప నుంచీ ఒక సాక్షి వెనక కూర్చుంటాడు. ఆటగాడి ముక్కలు అతనికి కనపడతాయి. పాత ఆచారమే. మా సాక్షి తెప్ప పెద్ద బుల్లెబ్బాయి గారు. అయితే సాక్షులు పట్టీ కనపడేలా చొక్కా చేతులు పైకి మడుచుకోవాలని ఈ ఏటి నుంచి కొత్త నిబంధన.

నిన్న ఆఖరి పంపకంలో నా చేతిలో ఏమీ లేదు. ఉన్న గవ్వల్లో సగం ముందుకి తోశాను. దానయ్య నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసి, హాయిగా పందెం కట్టాడు. నేనూ వెనక్కి తిరిగాను. బుల్లెబ్బాయి గారి మణికట్టు సిరాబుడ్డిలా నీలంగా ఉంది.

రెండు ఆటలుగా నా ముక్కలన్నీ ఈయన చేతికి దీపం పెట్టి మరీ చూపిస్తున్నాడు. ఆ సంగతి చెబితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడకమ్మా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పట్టీ ఎర్రగా అయింది. అదీ చూపించాను.

మరి నాలుగో తెప్పవాళ్ల సంగతేంటంటే, దానయ్య వెనక వాళ్ల తాతని కూర్చోబెట్టారు. మూడో పంపకానికల్లా గుర్రు. నిద్రపోయేవాడి పట్టీకి రంగుండదు. సాక్షి మెలకువగా ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదుట. మా ముసలాళ్లని పట్టుకొద్దామంటే, ఆటంటే కళ్లు చించుకుని చూసే రకం ఒక్కొక్కరూ. ఇంకొక్కటి ఓడితే బయటి అంచే.

భాద్రపదం 12
మనఃస్థితి: రాయడానికి కూడా ఓపిక లేదు. చిరాకు అనుకోండి.

కొత్త సాక్షి కోసం తెప్పంతా గాలించాను. ఒక్కొక్కరినీ వెనక కూర్చోబెట్టుకుని, ఎదురుగా అద్దం పెట్టి ముక్కలు పంచుకున్నాను. ధ్యానం చేస్తాను, నాకు రాగద్వేషాలు లేవని చెప్పిన పంతులమ్మ చంద్రావతి గారు రెండు ఆసులు చూసి చిలకలా ఆకుపచ్చగా అయిపోయింది. పడవ సరంగు అంతకన్నా నయం, మొదటినుంచీ చివరిదాకా భయమే అనుకున్నాను గానీ ఆయనా జాకీల జతకి తేలిపోయాడు. అందరికీ ఆట తెలుసు, అదే నా పీకలమీదకి వచ్చింది.

మధ్యాహ్నం మా ఆయన క్యారేజీ పట్టుకొచ్చి నా వెనక నిలబడ్డాడు. నా చేతిలో మూడు రాజులున్నాయి. అద్దంలో చూశాను. పట్టీ మామూలు ఆకుపచ్చ. ముక్కలు మార్చి, పనికిమాలినవి పట్టుకున్నాను. అదే ఆకుపచ్చ. ఇంట్లో ఉన్న మనిషిని వదిలి ఊరంతా వెతికాను, నా తెలివి తగలెయ్య.

సాక్షిగా కూర్చోమని అడిగితే సరేనన్నాడు. వంట రాఘవమ్మకి అప్పజెప్తానన్నాడు. వంటశాలలో ఆయన తర్వాత చెయ్యి ఆవిడదే. కానీ ఒక మెలిక పెట్టాడు.

“నాకు ఆట నేర్పు తాయారూ. ఏం చూస్తున్నానో తెలియకుండా కూర్చుంటే అది దొంగసాక్ష్యమవుద్ది. అలాంటి పని నావల్ల కాదు.”

అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. నేర్పితే మిగతావాళ్లలాగే దీపం పెడతాడు. నేర్పనంటే రానంటాడు. రాత్రి భోజనాలయ్యాక ముక్కలు పరిచాను.

తప్పు నేర్పాను. ఎంత తప్పంటే, బోర్లా తిప్పి నేర్పాను. జతలు దండగ అన్నాను. అయిదూ ఒకే రంగు వస్తే అంతకన్నా దరిద్రం లేదన్నాను. అన్నింటికన్నా గొప్పది, దేనికీ దేనితో పొత్తు కుదరకుండా చెల్లాచెదురుగా ఉన్న చెయ్యి అని చెప్పాను. దాని పేరేంటని అడిగాడు. నోటికొచ్చింది చెప్పాను. “సంత.”

“బావుంది. అన్ని రకాలూ ఉంటాయి కాబట్టి” అన్నాడు.

భాద్రపదం 15
మనఃస్థితి: చిరాకు కాదు. ఏమిటో తెలియడం లేదు.

పొద్దున వంటశాలకి వెళితే పిండిపీట మీద వేలితో ముక్కలు గీసుకుంటున్నాడు. రాణి పక్కన రాణి గీసి, పైన అడ్డంగా కొట్టేసి, దండగ అని రాసుకున్నాడు. తెల్లవారుజామునే లేచి వల్లె వేస్తున్నాడట. నన్ను చూసి, నేను చెప్పినవి ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పాడు. శభాష్ అన్నాను. పట్టీ ఎంత ఆకుపచ్చగా అయిందో! నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

తెప్ప లోపలికి చేరాక అన్నీ చెప్పేద్దామనుకున్నాను. ముందు తెప్ప లోపలికి చేరాలి కదా.

భాద్రపదం 17
మనఃస్థితి: సంతోషం అని రాయాలి.

మూడో ఆట గెలిచాం. నాకు సంత పడ్డప్పుడల్లా మా ఆయన ఆనందం చూసి దానయ్య ముక్కలు పడేశాడు. ఆరో పంపకంలో నాకు అయిదూ ఇస్పేట్లే పడ్డాయి. వెనక ఆయన బెంగతో నీలంగా అయిపోయి ఉంటాడు. దానయ్య అది చూసి, పాపం, ఉన్న గవ్వలన్నీ ఊడ్చి పోశాడు.

ముక్కలు ఎవరికీ చూపించరు. తీర్పరి డబ్బాలో వేసుకుని చూసి, గెలిచినవాళ్ల పేరు చెబుతాడు. దారిలో మా ఆయన అడగనే అడిగాడు, అంత దరిద్రపు చెయ్యితో ఎలా గెలిచావని. అవతలివాడిది ఇంకా దరిద్రం అయ్యుంటుందన్నాను. నీకు భలే అదృష్టమే అన్నాడు. ఆ మాటకి నవ్వాను. ఇరవై ఏళ్లుగా ఎప్పుడంటే అప్పుడు నవ్వగలిగేదాన్నే కదా, ఆ నవ్వు కూడా అలాగే వచ్చింది.

భాద్రపదం 24
మనఃస్థితి: భయం.

పోయినసారి నాకు అదృష్టం కలిసొచ్చిందనుకున్నాడేమో, దానయ్య మళ్లీ ఆ పట్టీనే నమ్మాడు. నాలుగో ఆటా గెలిచి చెరో రెండయ్యాయి. బుల్లెబ్బాయి గారు వంటశాలలో బూరెలు వేయించమన్నారు. అక్కడే కొంప మునిగింది.

బూరెలు వేస్తూ మా ఆయన రాఘవమ్మకి ఆట ఎలా జరిగిందో చెప్పాడుట. మా ఆవిడకి ఆఖర్న సంత పడిందండీ అన్నాడుట. సంతేంటి బాబూ అందిట ఆవిడ. ఈయన పాఠమంతా అప్పజెప్పాడుట, పిండిపీట మీద గీసి మరీ. ఆవిడకి అర్థమైపోయింది. వంటశాలలో ఉన్నవాళ్లంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వారుట. మంగతాయారు ఆయన్ని భలే వాడుకుంది, మొగుడిని మించిన జోకరు లేదు అన్నాడుట ఒకడు.

ఇంటికి వచ్చాడు. చేతులకి ఇంకా పిండి ఉంది. పట్టీ ఎర్రగా ఉంది. ఆ చేతి మీద ఆ రంగు నేనెప్పుడూ చూడలేదు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. తెప్ప కోసం, ఆదెమ్మ గారు, బడి కప్పు, మళ్లీ బయటి అంచు. అన్నీ నిజాలే. ఆయన వినలేదు. చెయ్యి కడుక్కుని, చాప తీసుకుని వరండాలో పడుకున్నాడు.

భాద్రపదం 28
మనఃస్థితి: భయం. దీనికి గడి చాలదు.

నాలుగు రోజులుగా మాటల్లేవు. అన్నం పెడతాడు, పక్కకి వెళ్లిపోతాడు. నేను గదిలోకి వెళితే పట్టీ ఎర్రబడుతుంది, బయటికి వస్తే నెమ్మదిస్తుందిట. ఆ కబురు కూడా నాకు పక్కింటివాళ్లే చెప్పారు, ఎంత గొప్ప ఊరో చూడండి.

ఇంకో సాక్షిని వెతుక్కుంటానని ఆయనకి చెప్పాను. నిజానికి ఎవరూ లేరు. పైగా ఇప్పుడు రాఘవమ్మ ఆయనకి అసలు ఆట పూర్తిగా నేర్పేసింది. ఆయనా అందరిలాంటి సాక్షే అయిపోయాడు. రేపు నా ప్రతి ముక్కా దానయ్యకి తెలిసిపోతుంది.

“నేనే వస్తాను” అన్నాడు ఆయన. “ఆదెమ్మ గారి ఇల్లు కొట్టుకుపోతుంటే నా చేతిలో తాడుంది. విసిరాను, అందలేదు. నీకోసం రావట్లేదు. తెప్ప కోసం వస్తున్నాను.”

భాద్రపదం 30
మనఃస్థితి: తర్వాత రాస్తాను.

నిన్న ఆఖరి ఆట.

మొదటి పంపకంలో రెండు రాజులు. దానయ్య నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. అయిపోయాననుకున్నాను. తక్కువే కాశాను, గెలిచాను. రెండో దాంట్లో ఏమీ లేదు. మళ్లీ వెనక్కి చూశాడు, గడ్డం గోక్కున్నాడు, నీళ్లు అడిగాడు. మూడోసారీ చూసి కళ్లు నులుముకున్నాడు. దానయ్యకేమైందో నాకు అర్థం కాలేదు.

విరామంలో తిరిగి చూశాను. మా ఆయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. చూపు నా జడ మీద. పట్టీ ఎర్రగా ఉంది, పొయ్యిలో నిప్పులాగా. రాజులు వచ్చినా ఎరుపే, చెత్త వచ్చినా ఎరుపే. భయం రావడానికీ సంతోషం రావడానికీ ఆ కోపంలో చోటే లేదు.

దానయ్య లేచి తీర్పరికి ఫిర్యాదు చేశాడు. ఆ పట్టీ పాడైపోయిందండీ, ఒకే రంగులో ఉండిపోయింది అన్నాడు. తీర్పరి వచ్చి పరీక్ష చేశాడు. పట్టీ బాగానే ఉందన్నాడు.

“ఆయనకి కోపమొచ్చిందంతే. కోపం రాకూడదని ఎక్కడా లేదు” అన్నాడు.

ఆఖరి పంపకంలో నాకు పడింది సంత. అయిదు ముక్కల్లో దేనికీ దేనితో పొత్తు లేదు. మార్చుకున్నా అంతే. ఉన్న గవ్వలన్నీ ముందుకి తోశాను. దానయ్య నన్ను చూడలేదు. మా ఆయన చెయ్యే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు చూశాడో. చివరికి నిట్టూర్చి ముక్కలు పడేశాడు.

నన్ను భుజాల మీదకి ఎత్తారు. పంపు దగ్గర తిట్టినవాళ్లే ఎత్తారు. ఆ ఎత్తులోంచి చూస్తే మా ఆయన ఒక్కడూ వంటశాల వైపు వెళ్తున్నాడు. చీకట్లో ఆ ఎర్రచుక్క చాలాదూరం కనపడింది.

ఆశ్వయుజం 4
మనఃస్థితి: చిరాకు.

తెప్పని లోపలి రేవులోకి లాగేశారు. నీళ్లు ఎంత నెమ్మదిగా ఉన్నాయంటే బిందెలు చప్పుడు చేయడం లేదు.

పొద్దున బుల్లెబ్బాయి గారు శాలువా పట్టుకుని వచ్చారు. నా ఉద్యోగం ఇంకో అయిదేళ్లు పొడిగించారుట. మా ఆయన్ని శాశ్వత సాక్షిగా వేసుకున్నారుట. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

“ఏడాదికోసారే కదమ్మా. అప్పటిదాకా మీరు రాజీపడకుండా ఉంటే తెప్పకి మేలండి. పడినా, ఆటల ముందు మళ్లీ ఏదోకటి చేసి కోపం తెప్పించండి. మీకు చెప్పాలా, ఆయ్.”

ఆ శాలువా ఆయన చేతికే తిరిగిచ్చేశాను. ఒళ్లు మండిపోయింది. ముందు ఆయన మీద, తర్వాత నా మీద. ఇంత నీచమైన ఉపాయం నాకు నేర్పడానికి వచ్చాడేంటని. నేర్పక్కర్లేదు కదా, అలాంటిది ఒకటి నేను చేసే ఉన్నాను.

సాయంత్రం వరండాలో చాప పక్కన కూర్చున్నాను. తప్పయిపోయింది అన్నాను. ఇప్పటికి ఎన్నోసారో. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“ఉల్లిపాయలు కోసే రాఘవమ్మ మనసు కనపడుద్ది నాకు. నన్ను జోకరన్న వాడి మనసు కూడా కనపడుద్ది. వాడు సిగ్గుపడ్డాడు, నీలంగా అయ్యాడు, క్షమించేశాను. నీ చేతి మీద ఏమీ లేదు తాయారూ. తప్పయిందంటావు. నిజంగా అంటున్నావో, పందెం కాస్తున్నావో నాకెలా తెలిసేది?”

నా మొహం ఎప్పట్లాగే ఉంది. అది నాకు తెలుస్తూనే ఉంది.

ఆశ్వయుజం 6
పట్టీ కట్టుకున్నాక ఈ గడి నింపక్కర్లేదుట. అయినా ఈ ఒక్కరోజుకి రాస్తాను.

పట్టీల కచేరీలో వరస. పెద్దవాళ్ల లెక్కలోకి వచ్చే పుట్టినరోజు దాటిన పిల్లలు, నేను. గుమస్తా మూడు కాగితాలిచ్చి, ఒకసారి కడితే తీయడం ఉండదు, ఇక జన్మలో ఆట ఆడకూడదు, తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. అదే ఇంకోలా తిప్పి అడిగాడు. తెలుసు నాయనా అన్నాను. మూడోసారి అడిగితే కాగితం లాక్కుని సంతకం పెట్టేశాను. ఈలోపు ఎవరు మోశారో కబురు, బుల్లెబ్బాయి గారు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి లబలబలాడారు. తెప్పని నడిసముద్రంలో ముంచేస్తున్నావన్నారు. ఏడాది టైముంది, ఎవరినైనా పంపండి, నేర్పుతానన్నాను. నేర్పడానికి పట్టీ అడ్డం కాదు. సరిగ్గానే నేర్పుతానని కూడా చెప్పాను.

కట్టారు. చల్లగా తగిలింది.

నీలంగా వస్తుందని అనుకున్నాను. పశ్చాత్తాపానికి నీలమే అని గుమస్తా చెప్పాడు. ఆ చెయ్యి చాపి మా ఆయనకి చూపిద్దామని, దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వంటశాలకి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ, బల్లల నిండా జనం. ఆయన గరిటె పట్టుకుని వచ్చి నా చెయ్యి చూశాడు. నేనూ చూసుకున్నాను. మిరపపండులా ఎర్రగా ఉంది.

“ఎవరి మీద?” అన్నాడు.

అందరి మీదా అన్నాను. గుమస్తా మీద, బుల్లెబ్బాయి గారి మీద, ఇన్ని రోజులు వరండాలో పడుకున్న నీ మీద కూడా. నా మీద అన్నింటికన్నా ఎక్కువ. నోరు ఆగలేదు. బల్లల దగ్గర నవ్వులు వినపడ్డాయి. ఆయన నవ్వలేదు. ఒక పీట లాగి కూర్చోమన్నాడు. అన్నం పెట్టి పప్పు వేసి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చున్నాడు.

మొదటి ముద్ద కలుపుతుంటే రంగు మారడం మొదలైంది. ఎరుపు అంచుల నుంచి నీలం కమ్ముకొచ్చింది. ఇంతమందిలో ఇది వద్దనుకున్నాను. మొహం బిగించాను. మొహం నా మాట విన్నది. చెయ్యి వినలేదు. అన్నం మీద కూడా ఆ వెలుగు పడుతోంది. పక్క బల్లవాళ్లు తినడం మానేసి మెడలు చాచారు. ఇంతకాలం వాళ్లకి దొరకనిది ఇప్పుడు దొరికింది మరి.

ఆయన బల్ల మీదుగా చెయ్యి చాచి నా మణికట్టుని అరచేత్తో మూసేశాడు. వాళ్లకేమీ కనపడకుండా గట్టిగా పట్టుకున్నాడు.

“తిను,” అన్నాడు. “చల్లారిపోద్ది.”